చిరు వ్యాపారం, మీ ప్రశ్నలు: అమ్మిన కుక్కర్ డూప్లికేట్ అంటున్నారు

ప్రశ్న: నమస్తే అండీ. మాది గోపాలపట్నం. రెండేళ్ల నుంచి ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో వంటసామాను అమ్ముతున్నాను, నెలకి అరవై డెబ్భై ఆర్డర్లు వస్తాయి. మొన్న హైదరాబాద్ ఆవిడ ఒకరు 3 లీటర్ల కుక్కర్ కొని, వారం తర్వాత ‘ఇది డూప్లికేట్, డబ్బా రంగు వేరు, మూత మీద అక్షరాలు వేరు’ అని ఫొటోలతో కంప్లైంట్ పెట్టారు. ప్లాట్‌ఫామ్ వాళ్లు నా లిస్టింగ్ ఆపేసి బిల్లులు పంపమన్నారు, నాకు రావాల్సిన డబ్బులు కూడా ఆపేశారు. నేను 24 కుక్కర్లు డిస్ట్రిబ్యూటర్ దగ్గర జీఎస్టీ బిల్లుతోనే కొన్నాను. కాకపోతే దసరా ముందు స్టాక్ అయిపోతే పూర్ణా మార్కెట్ వైపు ఒక షాపులో అదే బ్రాండువి 6 పీసులు బిల్లు లేకుండా తెచ్చాను. ఆవిడకి వెళ్లింది ఏ లాట్‌దో నాకే తెలీట్లేదు. ఏటి చెయ్యమంటారు? రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు.
– పేరు వద్దన్న పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: ఆ 6 పీసుల సంగతి దాచకుండా రాశారు చూడండి, అందుకు ముందు మీకు థ్యాంక్స్ చెప్పాలమ్మా, ఎందుకంటే మీ సమస్య మొత్తం అక్కడే ఉంది. ఆవిడకి ఏం జవాబివ్వాలి, ప్లాట్‌ఫామ్‌కి ఏం రాయాలి అన్నది తర్వాత. అసలు ఆవిడ చెప్పింది నిజమా కాదా అన్నది ముందు మీకు తెలియాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, కంప్లైంట్ రాగానే కోపమొచ్చి ‘మాది హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్, మీరే అబద్ధం’ అని టైప్ చేసి పంపేస్తారు, ఆ మెసేజ్ రికార్డులో ఉండిపోతుంది. రేపు ఆ పీసు నిజంగానే నకిలీ అని తేలితే ఆ ఒక్క లైనే మీ మెడకి చుట్టుకుంటుంది. నేను చార్జర్లు అమ్మే రోజుల్లో సరిగ్గా అదే పని చేశాను, సరుకిచ్చిన హోల్‌సేలర్ మాట నమ్మి కస్టమర్‌తో వాదన పెట్టుకున్నాను, నెల తర్వాత అవి నకిలీవే అని తేలింది. ఆ అబ్బాయికి ఫోన్ చేసి సారీ చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ఆవిడ పెట్టిన ఫొటోలు పెద్దవి చేసి డబ్బా మీద లేబుల్ చూడండి, తయారైన నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, తయారీదారు అడ్రస్, కస్టమర్ కేర్ నంబర్ ఉంటాయి, ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద ఇవి ఉండాలని 2011 లీగల్ మెట్రాలజీ రూల్సే చెప్తున్నాయి. మీ ఇంట్లో మిగిలిన పీసులు రెండు లాట్లవీ పక్కపక్కన పెట్టి ఆ నెల దేనితో కలుస్తుందో చూడండి. తర్వాత ఫొటోలోగానీ మీ దగ్గర పీసు మీదగానీ ఐఎస్ఐ గుర్తు వెతకండి. గుర్తు పైన ఐఎస్ 2347 (కుక్కర్ల ప్రమాణం నంబర్) అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ని ఫోన్‌లో, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే అది ఏ ఫ్యాక్టరీదో, లైసెన్స్ నడుస్తోందో ఆగిపోయిందో వచ్చేస్తుంది. నంబరే లేకపోయినా, ఇంకెవరిదో పేరు వచ్చినా అది నకిలీ అనే అనుకోవాలి. అయితే నంబర్ కలిసినంత మాత్రాన ఒరిజినల్ అనుకోకండి, డూప్లికేట్ చేసేవాడు అసలు నంబర్‌నే కాపీ కొట్టి గుద్దేస్తాడు. అందుకే రెండు పీసులూ కిచెన్ కాటా మీద పెట్టి తూచండి, అడుగు మందం వేలితో నొక్కి చూడండి, అచ్చు అక్షరాలు లోతుగా సమంగా ఉన్నాయా, గీసినట్టు వంకరగా ఉన్నాయా చూడండి. ఆ ఫొటోలన్నీ కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి ఇది మీ సరుకేనా అని అడగండి. నా మాట, మీ మాట, ఆవిడ మాట కంటే కంపెనీ ఇచ్చే జవాబుకే ఎక్కువ బరువు.

డబ్బా రంగు మారడం ఒక్కటే అయితే కంగారు పడాల్సింది లేదు, కంపెనీలు డబ్బాలు మారుస్తూనే ఉంటాయి. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు పాత స్టాక్ మీద కొత్త ఎంఆర్‌పీ స్టిక్కర్ అంటించుకోవడానికి ప్రభుత్వమే ఒప్పుకుంది, స్టిక్కర్ మీద స్టిక్కర్ చూస్తే ఎవరికైనా డౌటు రావడం సహజం. అలాంటిదైతే మర్యాదగా వివరించి కంపెనీ మెయిల్ జత చెయ్యండి చాలు.

పీసు డిస్ట్రిబ్యూటర్ లాట్‌దని తేలితే మీ పని సులువు. కొనుగోలు బిల్లు ఉన్నదున్నట్టు పంపండి, ఒక్క అక్షరం కూడా దిద్దొద్దు. వాళ్లు చూసేది బిల్లు తేదీ మీరు అమ్మిన తేదీకి ముందుందా, మోడల్ అదేనా, డిస్ట్రిబ్యూటర్ జీఎస్టీ నంబర్ సరైనదేనా అని. మీరు రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో మీ కొనుగోళ్లు చూపించే జీఎస్టీఆర్-2బీలో ఆ బిల్లు కనిపిస్తుంది, దాని స్క్రీన్‌షాట్ కూడా పెట్టండి. ఇంకొకటి చూస్తారు, క్వాంటిటీ. బిల్లులో 24 ఉండి అమ్మకాలు 28 కనిపిస్తే ఆ నాలుగు ఎక్కడివమ్మా అని అడుగుతారు. అడిగినప్పుడు నిజమే చెప్పండి. ఆ షాపువాణ్ణి బతిమాలి ఇప్పుడు పాత తేదీతో బిల్లు రాయించుకుందాం అన్న ఆలోచన మాత్రం వద్దు, పోయేది ఒక్క లిస్టింగ్ అయినచోట అకౌంట్ మొత్తం పోతుంది, పైగా అది వేరే నేరం.

ఆ 6 పీసుల్లోదే అని తేలితే, లేదా ఏ లాట్‌దో ఎంతకీ తేలకపోతే, వాదన పెట్టుకోకుండా రిటర్న్ తీసుకుని పూర్తి డబ్బు ఇచ్చేయండి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం సరుకు నకిలీదైనా, లిస్టింగ్‌లో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోను అనడానికి అమ్మేవాళ్లకి వీల్లేదు, కంప్లైంట్ అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి. ఆవిడకి ఇలా రాస్తే సరిపోతుంది: ‘మీ కంప్లైంట్ చూశానండీ. కుక్కర్ రిటర్న్ పెట్టండి, మీకు ఖర్చేం ఉండదు, డబ్బు పూర్తిగా ఇచ్చేస్తాను. కంపెనీతో చెక్ చేయిస్తున్నాను, అప్పటిదాకా దయచేసి అందులో వండకండి.’

ఆ చివరి మాట ఊరికే రాయమనట్లేదు. కుక్కర్‌లో సేఫ్టీ వాల్వ్ అనేది వేడి మరీ పెరిగినప్పుడు కరిగిపోయి ఆవిరిని వదిలెయ్యాలి, నకిలీ దాంట్లో అది కరగాల్సినప్పుడు కరక్కపోతే మూత ఎగిరి మొహం మీదకి వస్తుంది. అందుకే ఐఎస్ఐ గుర్తు లేని కుక్కర్ అమ్మకూడదని ప్రభుత్వం రూలు పెట్టింది. కాబట్టి బిల్లు లేని 6 పీసుల్లో ఎన్ని అమ్ముడయ్యాయో చూసి, అవి కొన్నవాళ్లందరికీ ప్లాట్‌ఫామ్ ద్వారానే ఇదే మెసేజ్ పెట్టి వెనక్కి తెప్పించుకోండి. నాలుగైదు వేలు నష్టం వస్తుంది, తెలుసు, మీలాంటివాళ్లకి అది నెల లాభం. అయినా తెప్పించండి.

చట్టం సంగతి ఒక్క మాట. ట్రేడ్ మార్క్స్ చట్టం 104వ సెక్షన్ కింద నకిలీ బ్రాండు సరుకు అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా ఉన్నాయి. తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను, అనుమానించే కారణం లేదు, అడగ్గానే ఎవరి దగ్గర కొన్నానో చెప్పాను అని చూపించగలిగితే అదే సెక్షన్‌లో రక్షణా ఉంది. బిల్లు లేకపోతే ఆ రక్షణ మీ చేతిలోంచి జారిపోతుంది. కంపెనీ నుంచి లాయర్ నోటీసు వస్తే మాత్రం సొంతంగా జవాబు రాయకుండా ఇక్కడ జిల్లా కోర్టు దగ్గర ఒక అడ్వకేట్‌ని కలవండి.

రిటర్న్ వచ్చినప్పుడు పార్సెల్ సీల్, లేబుల్ కనిపించేలా ఒకే టేక్‌లో వీడియో తీస్తూ తెరవండి. మీరు పంపింది ఒకటి, వెనక్కొచ్చింది ఒకటి అయ్యే కేసులు కూడా ఉన్నాయి. ఇక ముందు ప్యాకింగ్ చేసేటప్పుడు కూడా అర నిమిషం వీడియో తీసి, డబ్బా మీద నెల, బ్యాచ్ నంబర్ ఆర్డర్ నంబర్ పక్కన ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఏ పీసు ఎవరికి వెళ్లిందో వెతుక్కోవక్కర్లేదు.

ప్రశ్న: ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఒక కస్టమర్ ‘రంగులు మరీ మెరుస్తున్నాయి, ఇవి అసలు ఏటికొప్పాకవి కావు’ అంటున్నాడు. ఎలా నిరూపించాలి?
– పాఠకుడు, అనకాపల్లి

జవాబు: మెరుపు చూసి ఎవరూ చెప్పలేరు తమ్ముడూ, లక్క పూత అంటేనే మెరుస్తుంది. అంకుడు కర్రని తిప్పుతూ లక్క అద్దితే ఆ రాపిడి వేడికే అది కరిగి పట్టుకుంటుంది, ఆ నునుపు అక్కడిదే. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు పెట్టి అమ్మాలంటే సరుకు ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసిందై ఉండాలి. నువ్వు ఎవరి దగ్గర కొంటున్నావో ఆ కళాకారుడికి ఆ పేరు వాడుకునే హక్కు ఇచ్చే ఆథరైజ్డ్ యూజర్ రిజిస్ట్రేషన్ ఉందేమో అడుగు, ఉంటే ఆ కాపీ, ఆయన ఇచ్చిన రసీదు, ఆయన కర్ర తిప్పే లేత్ మిషన్ దగ్గర కూర్చుని బొమ్మ చేస్తున్న చిన్న వీడియో, ఈ మూడూ పంపితే ఆ కస్టమరే సంతోషిస్తాడు. వీడియో తీసేముందు ఆయన్ని అడుగు, పేరు చెప్పడం ఆయనకి ఇష్టమైతేనే చెప్పు. అలాకాకుండా కర్ణాటకలోని చన్నపట్నం వైపు నుంచి వచ్చిన లక్క బొమ్మలు ఏవైనా అందులో కలిసి ఉంటే, అవీ మంచి బొమ్మలే, వాటి పేరుతో వాటిని అమ్ము. వరాహ నది ఒడ్డున ఆ కుటుంబాలు అంకుడు కర్ర కోసం ఎంత తిప్పలు పడుతున్నాయో మన జిల్లావాళ్లకి తెలియంది కాదు, వాళ్ల పేరు మీద ఇంకొకటి అమ్మితే నేరుగా వాళ్ల కూడే పోతుంది.

ప్రశ్న: కొన్నాయన వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, 800 యూపీఐ చేస్తే సరే, లేకపోతే ఫేక్ అని రివ్యూ రాస్తా అంటున్నాడు. సరుకు కూడా వెనక్కి ఇవ్వడట. ఇచ్చేసి వదిలించుకోనా?
– పాఠకుడు, మధురవాడ

జవాబు: ఇవ్వొద్దు. నిజంగా డౌటు ఉన్నవాడు రిటర్న్ పెడతాడు. ఆ చాట్ స్క్రీన్‌షాట్లు నంబర్, తేదీ కనిపించేలా తీసి ప్లాట్‌ఫామ్ సెల్లర్ సపోర్ట్‌కి ఈరోజే పంపండి, అతనికి కూడా ప్లాట్‌ఫామ్ చాట్‌లోనే ‘రిటర్న్ పెట్టండి, అందగానే పూర్తి రీఫండ్’ అని ఒక్క లైన్ రాసి ఆపేయండి. ఈలోపు అతను క్యూఆర్ కోడ్ ఏదైనా పంపితే స్కాన్ చెయ్యకండి, పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.