పరిగె అంటే చేపా, ధాన్యమా?

కోత అయ్యాక పొలంలో పరిగెలు ఏరేవాళ్ళమని మీ అమ్మమ్మ అన్నారని, నిఘంటువు చూస్తే పరిగె అంటే చేప అని ఉందని, అసలు ఆ మాట పుట్టుకేమిటని అడిగారు. నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగిపోయినట్టున్నారు. పరిగె అంటే చిన్న చేప ఒకటి, కోత అయ్యాక మడిలో మిగిలిపోయిన వెన్ను, అంటే ధాన్యపు కంకి, మరొకటి. ‘కోసిన పొలంలో చేపలేంటి’ అన్న మీ చిక్కు అక్కడిదే.

1. అందరూ వదిలేసేది పక్కనున్న క్రియని. పరిగెలు పట్టారంటే చేపలు, ఏరారంటే ధాన్యం. మీ అమ్మమ్మ ‘పరిగెలేరడానికి ఎల్లేవోళ్ళం’ అన్నారని మీరే రాశారు కదా!

2. అయినా అనుమానముంటే ఏ నెలలో అని అడగండి. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట వైపు వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో. మోపులు కళ్లానికి చేరాకే పరిగె. మోళ్ళు కాళ్ళకి గుచ్చుకుంటున్నా వంగి, ఒక్కో వెన్నూ ఏరి ఒళ్ళో వేసుకోవడం. ఇప్పుడు కోత మిషన్లు తిరిగే మడుల్లో ఈ మాట వినబడటమే తక్కువ.

3. పుట్టుక అడిగారు: ఇది సంస్కృతం కాదు, తెలుగు మాటే. సంస్కృతంలో గింజలు ఏరితే ఉంఛం, వెన్నులు ఏరితే శిలం. భారతం అశ్వమేధ పర్వంలో సక్తుప్రస్థుడనే పేద బ్రాహ్మణుడిది ఉంఛవృత్తే, అంటే అలా ఏరుకున్న గింజలతో బతకడమే.

‘పంటచేను విడిచి పరిగె ఏరినట్టు’ అన్న సామెతలోదీ ఈ పరిగే. చేప అనుకుంటే అది బొత్తిగా అతకదు.