కోఠిలో బండి పెట్టబోయే శ్రీకాంత్‌కు

చిరంజీవి శ్రీకాంత్‌కు ఆశీస్సులు.

కోఠిలో మొబైల్ సామాన్ల బండి పెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఒకరి దగ్గర చెయ్యి చాచకుండా నీ కాళ్ల మీద నువ్వు నిలబడాలనుకున్నావు, చాలా సంతోషం. కానీ ఆ వెంటనే "ఫస్ట్ కాపీ ఇయర్‌బడ్స్ పెడితే మార్జిన్ బాగుంటుందట" అని కూడా అన్నాడు. ఫస్ట్ కాపీ అంటే పేరున్న కంపెనీ సరుకును అచ్చుగుద్దినట్టు చేసిన నకిలీయే. అప్పటి నుంచి నాకు స్థిమితం లేదు.

తెలిసిన సంగతులు క్లుప్తంగా చెబుతాను. ఉద్దెర పెట్టకు. పక్క బండివాడితో తగువు పెట్టుకోకు. షాపు మెట్లకు అడ్డంగా నిలబడకు.

నకిలీ సరుకు మీద పోలీసు దాడి ఎలా జరుగుతుందో ముందు తెలుసుకో. కంపెనీ తరఫు ఏజెంటు మామూలు గిరాకీలా వచ్చి ఒక పీసు కొంటాడు, బండి ఫోటో తీసుకుంటాడు. తర్వాత కంపెనీ ఇచ్చిన అధికార పత్రంతో పోలీసులకు ఫిర్యాదు చేస్తాడు. టాస్క్‌ఫోర్స్ దిగేలోపే గోదాములకు కబురు అందుతుంది, షట్టర్లు పడతాయి. రోడ్డు మీద మిగిలేది బండివాడే. మర్నాడు సరుకంతా బల్ల మీద పరిచి, ఒరిజినల్ ధరతో లెక్కకట్టి ఇన్ని లక్షలని ప్రకటిస్తారు. నువ్వు 300కి అమ్మే పీసు అక్కడ వేలల్లో కనబడుతుంది. నాలుగు రోజులకు అదే గల్లీలో అదే సరుకు మళ్లీ దొరుకుతుంది. అది చూసి కుర్రాళ్లు "ఇదంతా లెక్క కోసం చేసే దాడి, మనకేం కాదు" అనుకుంటారు. లెక్క కోసమే చేసినా ఎఫ్ఐఆర్‌లో ఎక్కేది ఒక మనిషి పేరు. ఆ కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది, వాయిదాకు వెళ్లిన ప్రతిసారీ బండి మూతపడుతుంది.

బీటు కానిస్టేబుల్‌కు మామూలు ఇస్తే చాలని ఎవరైనా అంటే నమ్మకు. కంపెనీ ఫిర్యాదు మీద వచ్చేది వేరే టీము, నువ్వు ఇచ్చిన మామూలు వాళ్లకు లెక్కలోది కాదు.

ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో 104వ సెక్షన్ ఉంది. నకిలీ మార్కు సరుకు అమ్మినా, అమ్మకానికి దగ్గర ఉంచుకున్నా 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఆ చట్టం కింద వారంట్ లేకుండా సోదా చెయ్యాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఉండాలి, ముందుగా ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. ఇంత ఉందిగా అని ధైర్యపడకు. డబ్బా మీది బొమ్మా డిజైనూ కాపీ కొట్టారని కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కూడా కలిపితే ఎస్సై వచ్చినా సరుకు పట్టుకోవచ్చు. ఆ నేరం నాన్‌బెయిలబుల్ అని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక ఈ బజారులో పాతుకుపోయిన ఒక తప్పు గురించి చెప్పాలి. మిగతా ఉత్తరం మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకో. కేసు అయిన కుర్రాడి దగ్గరికి సరుకిచ్చిన హోల్‌సేలరు మనిషిని పంపిస్తాడు. లాయర్ను తనే పెడతానంటాడు. "కోర్టులో ఒప్పేసుకో, జడ్జిగారు జరిమానాతో వదిలేస్తారు, ఆ డబ్బు నేనే కడతా" అంటాడు. భయంలో ఉన్నవాడికి అది పెద్ద మేలులా కనబడుతుంది. ప్రత్యేక కారణాలు రాసి తక్కువ శిక్షతో వదిలే అధికారం జడ్జికి నిజంగానే ఉంది. కానీ ఒప్పుకున్నావంటే నేరం రుజువైనట్టే. రెండోసారి దొరికి నేరం రుజువైతే 105వ సెక్షన్ పట్టుకుంటుంది: ఏడాదికి తగ్గని జైలు, లక్షకు తగ్గని జరిమానా. ఆ హోల్‌సేలరుకు నీ మీద అంత దయ ఎందుకో ఆలోచించు. 104వ సెక్షన్‌లోనే అమ్మినవాడికి ఒక దారి ఉంది. తగిన జాగ్రత్తలు తీసుకున్నానని, సరుకును అనుమానించే కారణం లేకపోయిందని, ఎవరి దగ్గర కొన్నానో అడగ్గానే చెప్పానని రుజువు చేసుకుంటే బయటపడవచ్చు. నువ్వు ఆ దారిన వెళితే అతని పేరు బయటికొస్తుంది. నువ్వు ఒప్పేసుకుంటే అక్కడితో ఆగిపోతుంది. అతను కట్టే జరిమానా అతని గోదామును కాపాడుకోవడానికే, నాయనా.

ఆ దారికి ఆధారం పక్కా బిల్లు. జీఎస్టీ నంబరు, షాపు పేరు, మోడల్ వారీగా పీసుల సంఖ్య ఉండాలి. చీటీ మీద "సామాన్లు 12,000" అని గీకి ఇచ్చిన కచ్చా బిల్లు దేనికీ పనికిరాదు. వేలు పలికే ఇయర్‌బడ్స్‌ను వందల్లో కొని "నకిలీదని తెలియదు సార్" అంటే మాత్రం ఏ బిల్లూ ఆదుకోదు. ఫస్ట్ కాపీ అని అడిగి మరీ కొంటావా? నీకు చదువు చెప్పించింది ఇందుకా?

బండి నిండా పెట్టుకోదగిన సరుకు వేరే ఉంది. టెంపర్డ్ గ్లాసులు, లోగో లేని పౌచ్‌లు, కేబుళ్లు, స్టాండ్లు. గ్లాసు బుడగ రాకుండా అతికించడం నేర్చుకుంటే గిరాకీ నిన్నే వెతుక్కుంటూ వస్తుంది. "ఐఫోన్ 15కు సరిపోయే పౌచ్" అని రాసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. పౌచ్ వెనక ఆపిల్ గుర్తు అచ్చువేసి ఉంటే అది కేసే. కార్టూన్ బొమ్మల పౌచ్‌లతో కూడా జాగ్రత్త. ఛార్జర్లు, పవర్ బ్యాంకుల మీద ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు కింద ఆర్ అక్షరం, తర్వాత 8 అంకెలు ఉంటాయి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, తయారీదారు పేరు డబ్బా మీది పేరుతో కలిసిందో లేదో చూసి కొను. నంబరు లేని ఛార్జర్ ముట్టుకోకు. రాత్రి దిండు పక్కన అంటుకుంటే పోయేది ఎవరింటి బిడ్డో.

వీధి వ్యాపారుల చట్టం 2014 కింద విక్రయ ధ్రువపత్రానికి (సర్టిఫికెట్ ఆఫ్ వెండింగ్) దరఖాస్తు పెట్టు. ఆ పత్రం నీ చోటును కాపాడుతుంది, నకిలీ సరుకును కాదు. ఫుట్‌పాత్ పేరుతో మున్సిపాలిటీవాళ్లు సామాను ఎత్తుకెళితే జాబితా అడుగు. పాడవని సరుకును నువ్వు అడిగిన రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. వీధి వ్యాపారులకు అప్పిచ్చే పీఎం స్వనిధి పథకంలో మొదటి విడత 15,000 ఇస్తున్నారు, వడ్డీ వ్యాపారి గడప తొక్కకు.

పోలీసులు వస్తే పరుగెత్తకు, వాదించకు. పంచనామాలో "ఒక సంచి సామాను" అని రాస్తే సంతకం పెట్టకు. ఏ రకం ఎన్ని పీసులో నీ ముందే లెక్కపెట్టి రాయమను, ఖాళీ జాగా ఉంటే గీత కొట్టించు, కాపీ అడుగు. సోదా అంతా వీడియో తీయాలని 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో ఉంది. నోటీసు ఇచ్చి పిలిస్తే తప్పకుండా వెళ్లు, వెళ్లకపోవడమే అరెస్టుకు కారణమవుతుంది. సరుకు పట్టుకున్న 15 రోజుల్లోపు దాని వాపసు కోసం మేజిస్ట్రేట్ దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. లాయర్ కోసం హోల్‌సేలరు వైపు చూడకు, న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100.

ఆదివారం కోఠిలో చాలా హోల్‌సేల్ షాపులు మూసి ఉంటాయి, సోమవారం రా. ఆధార్, ఫోటోలు తెచ్చుకో. సరుకు కొనడానికి ఒక్కడివే వెళ్లకు, మొదటి బిల్లు నేను దగ్గరుండి రాయిస్తాను. మీ పెద్దమ్మ నీకు గది కూడా చూసి పెట్టింది.

ఇట్లు
మీ పెద్దనాన్న