రికార్డు ఒరిజినలే, లింకే డూప్లికేటు

ఈ నెలల ఒకే తీరు మెయిల్ ఇది నాలుగోది. ముగ్గురికి విడివిడిగ జవాబు రాసిన, ఇగ ఓపిక లేదు, అందరికీ ఇక్కడే చెప్తున్న. తాజాది మిర్యాలగూడ తమ్మునిది: "అన్నా, బయటి దేశం సెల్లర్ దగ్గర బ్లూ నోట్ వాళ్ల జాజ్ ఎల్పీ చూసిన, ఒరిజినల్ అంటున్నడు, యాప్‌ల కవర్ స్కాన్ చేస్తే 1958 అనే వస్తున్నది, కొనొచ్చా? ఇంకోటి, ముందే బుక్ చేసిన రీఇష్యూ ఒకటి దార్ల ఉంది, నిన్న కస్టమ్స్ డ్యూటీ 49 రూపాయలు కట్టమని వాట్సాప్‌ల ఫైల్ వచ్చింది, కట్టాల్నా?"

ఫస్టు ఆ ఫైల్ ముట్టకు. ఓపెన్ చెయ్యకు, ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకు. అది పెద్ద కథ, వస్త దానికాడికి.

యాప్ చూసేది కవర్ బొమ్మను. రీఇష్యూ అంటేనే అదే బొమ్మ, అదే టైటిల్, చానాసార్లు అదే కేటలాగ్ నంబర్ తోటి మళ్ల అచ్చేసుడు. మరి బొమ్మ చూసి సంవత్సరం చెప్పే యాప్‌ను ఏమనాలె? పెండ్లి కార్డు చూసి పిల్లగాని వయసు చెప్పినట్టుంది.

చూడాల్సింది పాట అయిపోయినంక లేబుల్ కాగితం దాక ఉండే ఖాళీ నల్ల జాగా, దాన్ని డెడ్ వ్యాక్స్ అంటరు, అసలు సంగతంత ఆడనే గీకి ఉంటది. బ్లూ నోట్ 1939ల న్యూయార్క్‌ల చిన్న కంపెనీగ మొదలైంది, 1966ల లిబర్టీ అనే ఇంకో రికార్డు కంపెనీకి అమ్ముడువోయింది. నువ్వు చూసే కాలపు ఎల్పీలు ప్రెస్ చేసింది ప్లాస్టిలైట్ అనే ఫ్యాక్టరీ, వాళ్ల గుర్తు వంకర పీ అక్షరం, చెవి లెక్క కనపడ్తది, కలెక్టర్లు గూడ దాన్ని చెవి అనే పిలుస్తరు. లిబర్టీ చేతికి పోయినంక చేసినవాటి మీద చెవి లేదు. తమాషా ఏందంటే లిబర్టీ వాళ్లు మిగిలిపోయిన పాత న్యూయార్క్ లేబుల్ కాగితాలే కొన్నాళ్లు అంటించిన్రు, అందుకే ఒట్టి లేబుల్ నమ్మితే దెబ్బ తింటవ్. వాన్ గెల్డర్ అని గానీ ఆర్వీజీ అని గానీ ముద్ర ఉంటే మాస్టర్, అంటే అచ్చులకు మూలం, కట్ చేసింది రూడీ వాన్ గెల్డర్ అనే సౌండ్ ఇంజినీర్ అని అర్థం, కానీ ఆ అచ్చులే లిబర్టీ గూడ వాడింది కాబట్టి అదొక్కటే చాలదు. సెల్లర్‌ను డెడ్ వ్యాక్స్ ఫొటో అడుగు, టార్చ్ పక్క నుంచి కొట్టి తీసింది కావాలె, ఆడ గీకిన నంబర్లు డిస్కాగ్స్ అనే రికార్డుల వివరాల సైట్‌ల కొట్టి చూడు. ఫొటో తియ్యనీకె నఖరాలు చేసెటోని దగ్గర కొనకు. కవర్ మీద అచ్చులనే బార్‌కోడ్ ఉంటే మాత్రం ఇదంత అక్కర్లేదు, అది 1958ది కాదు, దుకాణంల బార్‌కోడ్ ఫస్ట్ స్కాన్ అయిందే 1974ల.

స్ట్రాటా-ఈస్ట్ అసుంటి చిన్న రికార్డు కంపెనీలు ఇంకో లెక్క. చార్ల్స్ టాలివర్, స్టాన్లీ కౌవెల్ అని వాయించెటోళ్లు ఇద్దరే 1971ల పెట్టుకున్నరు, అచ్చేసిందే తక్కువ, ఒరిజినల్ రేటు చూస్తే గుండె జారుతది. వినేటందుకే అయితే మంచి రీఇష్యూ తీస్కో, సిగ్గేం లేదు. 180 గ్రాములు అని స్టిక్కర్ వేస్తే మురవకు, బరువు ఎక్కువుంటే సౌండ్ మంచిగుంటదని ఏం లేదు.

ఇగ ఆ ఫైల్. పేరు చివర ఏపీకే అని ఉంటది చూడు, అంటే బిల్లు కాదు, యాప్. ఇన్‌స్టాల్ చేస్తే ఎస్సెమ్మెస్ చదివే పర్మిషన్ అడుగుతది, ఇచ్చినవా, నీ ఓటీపీలు అటు పోతయి. పాలమూరు నుంచి రాసినాయనకు ఇదే అయింది, ఆ యాప్‌ల వచ్చిన పేజీల కార్డు నంబర్ కొట్టి 49 కట్టిండు, రాత్రి పడుకున్నంక మూడు సార్ల డబ్బులు పోయినయి, ఆయన నిద్రలుండంగనే ఓటీపీలు అటు చేరినయి. చదువుకున్న మనిషి, తెలివి తక్కువేం కాదు. కానీ ఆయన నిజంగనే పార్సిల్ కోసం ఎదురుచూస్తున్నడు, నెల నుంచి రోజుకు పది సార్లు ట్రాకింగ్ చూస్తున్నడు, కస్టమ్స్ అనంగనే హమ్మయ్య వచ్చింది అనుకున్నడు. దొంగకు గదే చాలు. పోస్టుల వచ్చేదానికి డ్యూటీ పడితే డెలివరీ అప్పుడు కట్టించుకుంటరు. ప్రైవేట్ కొరియర్ అయితే వాళ్ల సైట్‌కు నువ్వే పోయి ట్రాకింగ్ నంబర్ కొట్టి చూస్కో, మెసేజ్‌ల లింక్ నుంచి పోకు. ఏపీకే పంపే కస్టమ్స్ ఆఫీసు ఏడ లేదు.

ఆల్రెడీ నొక్కినోళ్లు ఫోన్ ఫ్లైట్ మోడ్‌ల పెట్టుండ్రి, ఇంట్ల ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు, ఎంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టుండ్రి, సర్కారు సైబర్ క్రైమ్ పోర్టల్ల కంప్లైంట్ గూడ పెట్టుండ్రి. తెల్లారినంక చూద్దాం అనొద్దు, ఆ డబ్బు అకౌంట్ నుంచి అకౌంట్‌కు దుంకకముందే ఆపాలె. యాప్ తీసేస్తే పోకుంటే ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యాలె, పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చాలె.

నల్లగొండ నుంచి ఒకామె బ్లూటూత్ రికార్డ్ ప్లేయర్ తీస్కోవాల్నా అని అడిగింది. అమ్మా, 2022ల అమెరికాల పేరున్న రీఇష్యూ కంపెనీ ఒకటి డిజిటల్ ముట్టని అనలాగ్ అని అమ్మినవాటి తయారీ నడుమ డిజిటల్ మెట్టు ఉన్నదని బయటపడితే కొన్నోళ్లు కోర్టుకెక్కిన్రు. ఇక్కడ మనం ఏరికోరి ఎల్పీ తెచ్చి, దాన్ని డిజిటల్ చేసి, ఇంకింత కుదించి గాల్లకు వదిలే డబ్బా కొంటం. సరే, అది ఎవరిష్టం వాళ్లది, నాకు మంట ఆ డబ్బాతోటి వచ్చే యాప్ మీద. రికార్డు తిప్పనీకె యాప్ ఎందుకు? లొకేషన్ ఎందుకు, కాంటాక్టులు ఎందుకు? ఎనకట ఆండ్రాయిడ్‌ల బ్లూటూత్ వెతకాలంటే లొకేషన్ ఇయ్యాల్సొచ్చేది, నిజమే, ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే పర్మిషన్ ఉంది, 2021ల వచ్చింది. ఇంకా పాత పాటే పాడుతున్నరంటే బద్ధకమన్న కావాలె, దురాశన్న కావాలె. అప్‌డేట్ వచ్చేదాక ముల్లు కదలని మిషన్ గూడ చూసిన నేను! వైర్‌తోటి స్పీకర్‌కు కలిపేది తీస్కోండ్రి, ముల్లు నుంచి వచ్చే సన్న సిగ్నల్‌ను పెంచే ఫోనో ప్రీయాంప్ లోపల్నే ఉన్నది, ముల్లు బరువు సరిచేసుకునే వీలున్నది. సూట్‌కేస్ తీరువి సంతకు పోయినట్టు ఉంటయి, వాటి ముల్లు బరువు ఖరీదైన రికార్డు మీద మోపకుండ్రి.

దేవరకొండ ఆయన ఎండకాలం రికార్డులు ఎట్ల దాచాలె అన్నడు. రోహిణి కార్తెల రోళ్లే పగులుతయి మన దిక్కు, రేకుల కింద సజ్జ మీద మాత్రం పెట్టకు. నీడ గోడకు, నిలువుగ, మరీ ఇరికించకుండ నిలబెట్టు. మా బాపు రికార్డులు నేను పడుకోబెట్టి సజ్జ మీద పెట్టిన, ఇప్పుడు అవి అప్పడాల తీరు ఉన్నయి.