నీస్ వీధుల్లో శనగపిండి అట్టు

కిందటి సంచికలో మా నీస్ కాపురం గురించి నాలుగు ముక్కలు రాసినప్పుడు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. మావారి ఉద్యోగం నీస్ దగ్గరున్న సోఫియా ఆంటిపోలిస్ అనే టెక్నాలజీ పార్కులో కావడంతో, ఫ్రాన్స్ దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న నీస్‌లో ఆరేళ్లున్నాం. ఉత్తరాల్లో ఎక్కువ భాగం తిండి గురించే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

*జూన్‌లో పారిస్ వెళ్తున్నాం. అక్కణ్నుంచి రెండు రోజులు నీస్. హోటళ్లలో కూర్చుని తినేంత బడ్జెట్ లేదు. వీధిలో దొరికేవాటిలో ముందు ఏది తినమంటారు?*
*– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి*

సొక్కా. ఇంకో ఆలోచనే వద్దు.

శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు. అందులో ఉండేవి ఈ నాలుగే. పలుచగా కలిపి, కళాయి పూసిన పెద్ద రాగి పళ్లెంలో పోసి, కట్టెల పొయ్యిలోకి తోసేస్తారు. పళ్లెం అంటే మన భోజనం పళ్లెం కాదు, ఇద్దరు చేతులు చాపి పట్టుకోవాల్సినంత ఉంటుంది. బయటికి తీసేసరికి పైన అక్కడక్కడా నల్లగా మాడి, అంచులు కరకరలాడుతూ, లోపల మాత్రం మెత్తగా ఉంటుంది. కత్తితో చక్కగా కోయరు. రేకుతో గీరి, ముక్కలు ముక్కలుగా తీసి పేపరు మీద వేసి ఇస్తారు. పైన మిరియాల పొడి మనమే చల్లుకోవాలి. తినేది చేత్తోనే.

మేం వెళ్లిన మొదటి వారం, అక్టోబరులో, పాత ఊరి సందుల్లో దారి తప్పాను. భాష రాదు, ఫోన్‌లో చార్జింగ్ లేదు, టెన్షన్‌గా ఉంది. ఒక మలుపు దగ్గర శనగపిండి మాడుతున్న వాసన వచ్చింది. మా అమ్మ అట్టు వేస్తూ ఎవరితోనో మాటల్లో పడితే వచ్చే వాసనే. ఆ వాసన పట్టుకుని నడిస్తే పొయ్యి, దాని ముందు పదిమంది వరస. వేలు చూపించి ఒకటి అడిగాను. వేళ్లకు నూనె అంటుకుని, నాలిక కాలి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఊరు నాకు సొంతమైంది ఆ రోజే.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. సొక్కా ప్రాణమంతా వేడిలోనే. పది నిమిషాలు ఆగితే తోలులా సాగుతుంది. పళ్లెం అడుగున మిగిలిన రెండు ముక్కలు చేతికిస్తుంటే వద్దని చెప్పి, తర్వాతి పళ్లెం వచ్చేదాకా నిలబడండి. అక్కడివాళ్లూ అంతే చేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. మొదటిసారి తిని "ఇంతేనా" అన్నవాళ్లను చాలామందిని చూశాను. అందరూ చల్లారింది తిన్నవాళ్లే.

పాత ఊళ్లో రెనే సొక్కా, ఓడరేవు దగ్గర 1923 నుంచి ఉన్న షె పిపో, కూర్ సలేయా మార్కెట్‌లో షె తెరెజా – ఈ మూడూ పేరున్నవి. తెరెజా కొట్టుకు పొయ్యి వేరే సందులో ఉంది. పళ్లేన్ని బండి మీద మార్కెట్‌కి తెస్తారు. బండి రావడం చూసి వరసలో నిలబడండి. కూరగాయల మార్కెట్ ఉండేది పొద్దుటిపూటే. సోమవారం కూరగాయలు, పూలు ఉండవు, ఆ రోజు పాత వస్తువుల సంత. మీ రెండు రోజుల్లో సోమవారం పడుతుందేమో టికెట్లు తీసుకోకముందే చూసుకోండి.

*ఫ్రాన్స్ అంటే క్రొసాన్లు, కేకులు కదా. శనగపిండి అట్టు అక్కడికెలా వచ్చింది?*
*– ఒక పాఠకుడు, వరంగల్*

నీస్ ఫ్రాన్స్‌లో కలిసింది 1860లో. అంతకుముందు వందల ఏళ్లు, తర్వాత ఇటలీని ఏలిన సవోయ్ రాజవంశం చేతిలో ఉండేది. ఇటలీని ఏకం చేసినవాళ్లలో ఒకడైన గరిబాల్డి పుట్టింది ఈ ఊళ్లోనే, 1807లో. తీరం వెంట తూర్పుకు వెళ్తే ఇటలీలోని జెనోవా వస్తుంది. అక్కడ ఇదే అట్టును ఫరినాతా అంటారు. కాబట్టి ఇది పారిస్ వంట కాదు, ఆ తీరం వంట. రేవులో పనిచేసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు పొద్దున్నే కడుపు నింపుకున్న తిండి. శనగలు చవక, ఆలివ్ చెట్లు కొండల నిండా ఉన్నాయి. మన దగ్గర జొన్నరొట్టె ఎవరిదో, అక్కడ సొక్కా వాళ్లది.

*మామగారికి డెబ్బై రెండేళ్లు. గుడ్డు కూడా ముట్టరు. ఆయన్ని తీసుకుని నీస్ వెళ్తే వీధిలో ఏం పెట్టగలను?*
*– ఒక పాఠకురాలు, నెల్లూరు*

మీ ఉత్తరం చదవగానే మా అత్తయ్యగారు గుర్తొచ్చారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆవిడ మా దగ్గరికి వచ్చిన మూడో రోజు మార్కెట్‌కి తీసుకెళ్లాను. ఒక కొట్టులో పిస్సాలాదియేర్ కనబడింది. మందపాటి రొట్టె మీద ఉల్లిపాయల్ని గంటలకొద్దీ సన్నమంట మీద మగ్గబెట్టి, బంగారు రంగు వచ్చాక పరిచి, చిన్న చిన్న నల్ల ఆలివ్‌లు పెట్టి కాలుస్తారు. మామూలుగా పైన ఆంకోవీ చేపలు అడ్డంగా పేరుస్తారు. ఆ కొట్టులో చేపల్లేని ముక్కలున్నాయి. అయినా అడిగాను, "ఇందులో మాంసం ఉందా?" అని. "లేదు మేడమ్" అన్నాడు కుర్రాడు. "ఉల్లిపాయల రొట్టె అత్తయ్యా, తినండి" అని నా చేత్తో ఇచ్చాను.

రెండో ముద్దకే ఆవిడ నమలడం ఆపేశారు. "ఏదో నీచు వాసన వస్తోందమ్మా" అన్నారు. పక్కన నిలబడిన ఒక పెద్దావిడ చెప్పింది. ఉల్లిపాయల కింద పూసింది పిస్సాలా అట, చిన్న చేపల్ని ఉప్పులో ఊరబెట్టి చేసిన ముద్ద. ఆ రొట్టెకు పేరు వచ్చిందే దాన్నుంచి. అత్తయ్యగారు నన్నొక్క మాట అనలేదు. నీళ్ల సీసా తీసుకుని, చెట్టు మొదట్లో నోరు పుక్కిలించి, ఆ పూట ఇంకేమీ తినలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. ఫ్రెంచివాళ్లు 'వియాండ్' అంటే మాంసం. చేప అందులోకి రాదు. కాబట్టి మీరు విడివిడిగా అడగాలి. 'ప్వాసోన్' చేప, 'ఆన్‌ష్వా' ఆంకోవీ, 'జాంబోన్' హామ్ అనే పంది మాంసం, 'ఉఫ్' గుడ్డు. ఒక కాగితం మీద ఫ్రెంచిలో రాయించుకుని చూపిస్తే ఇంకా మంచిది. కొట్టులోకి అడుగు పెట్టగానే ముందు "బొంజూర్" అనండి. అది అనకుండా ప్రశ్న మొదలుపెడితే అక్కడ మర్యాద కాదు. అన్నాక మాత్రం ఓపిగ్గా చెబుతారు.

మామగారికి సొక్కా నిస్సందేహంగా పెట్టొచ్చు. పానిస్ కూడా బావుంటుంది. శనగపిండిని గంజిలా ఉడకబెట్టి, చల్లారబెట్టి, ముక్కలు కోసి వేయిస్తారు. చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తున్నారేమో కనుక్కోండి. గుమ్మడి పువ్వుల బజ్జీలు చూడగానే మనవే అనిపిస్తాయి కానీ పిండిలో గుడ్డు కలిపేవాళ్లు ఎక్కువ. టమాటా, వంకాయ, చిన్న గుమ్మడి కడుపులో కూరి కాల్చిన 'ఫార్సీ' మన గుత్తివంకాయను తలపిస్తుంది, అందులో కూరేది ఖీమా. ఆయన్ని అటువైపు వెళ్లనివ్వకండి. ఇక మార్కెట్‌లో పండ్లున్నాయి. జూన్‌లో చెర్రీలు, ఆప్రికాట్లు తిని సగం కడుపు నింపుకోవచ్చు.

*ఆకుకూరతో స్వీటు చేస్తారని ఎక్కడో చదివాను. నిజమేనా? తినగలమా?*
*– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం*

నిజమే, తినగలరు, మళ్లీ అడుగుతారు కూడా. దాని పేరు టుర్త్ ద బ్లెట్. బ్లెట్ అంటే బీట్‌రూట్ జాతి ఆకుకూర, చూడటానికి పెద్దాకుల పాలకూరలా ఉంటుంది. తెల్లటి కాడలు తీసేసి ఆకుల్ని సన్నగా తరుగుతారు. ఆ పచ్చి పసరు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగి, గట్టిగా పిండుతారు. మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ చేస్తుంటే చూశాను. మూడుసార్లు కడిగాక కూడా పిడికిట్లో పెట్టి పిండి, కారిన నీళ్ల రంగు నాకు చూపించి "ఇంకా ఉంది" అన్నట్టు తల ఊపి, మళ్లీ కుళాయి తిప్పింది. ఆ ఓపికంతా తిన్నప్పుడు తెలుస్తుంది, పసరు వాసన చుక్కంత కూడా రాదు.

పిండిన ఆకులో చక్కెర, ఎండుద్రాక్ష, చిల్గోజాలాంటి పైన్ గింజలు, గుడ్డు కలిపి, రెండు పిండి పొరల మధ్య పరిచి కాలుస్తారు. యాపిల్ ముక్కలు వేసేవాళ్లున్నారు, కాస్త పార్మేసాన్ చీజ్ తురుము వేసేవాళ్లున్నారు. పైన మెత్తటి పంచదార పొడి చల్లుతారు. ఎండుద్రాక్షను రమ్‌లో నానబెట్టడం మామూలు, పట్టింపు ఉన్నవాళ్లు అడిగి తీసుకోండి. ఇదే టుర్త్‌లో ఉప్పు రకం కూడా ఉంది. తీపిది కావాలంటే 'సుక్రే' అనాలి.

మనం సొరకాయతో, బూడిద గుమ్మడితో హల్వా చేసుకుంటాం, ఎవరూ వింతగా చూడరు. ఇదీ అలాంటిదే. ఇంట్లో పెరిగిన ఆకును పండగపూట తీపి చేసుకున్నవాళ్ల వంట. కేకు కొట్ల అద్దాల్లో మెరిసేవి ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఇది మాత్రం నీస్‌లోనే తినాలి.

*మా ఇంటికి తెచ్చుకోవడానికి పాడవని స్వీట్లు ఏమైనా ఉన్నాయా? పిల్లలకు ఐస్‌క్రీమ్ ఎక్కడ బావుంటుంది?*
*– ఒక పాఠకుడు, విశాఖపట్నం*

పాకంలో ఊరిన పండ్లు తెచ్చుకోండి. క్లెమెంటీన్ నారింజ, ఆప్రికాట్, అంజీర వంటివి పండు పండుగానే, తొక్కతో సహా చేస్తారు. పాకంలో వేసి, రోజుల తరబడి పాకాన్ని కొంచెం కొంచెంగా చిక్కబరుస్తూ పోతే, పండులో నీరు ఉన్నచోటికల్లా చక్కెర చేరుతుంది. మన ఉసిరి మురబ్బాకు దగ్గరి చుట్టమే, కాకపోతే కొరికితే రసం ఊరుతుంది. ఒపెరా హౌస్ ఎదురుగా మెజోన్ ఓయేర్ 1820 నుంచి ఉన్న కొట్టు. ఓడరేవు పక్కన ఫ్లోరియాన్‌లో ఎలా చేస్తారో లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు. ధర మాత్రం ఎక్కువే. మూడు నారింజలు చాలు, పల్చగా కోసి ఇంటిల్లిపాదీ పంచుకోవచ్చు.

ఫిబ్రవరిలో కార్నివాల్‌కి వెళ్లేవాళ్లయితే గాన్స్ వదలకండి. నారింజ పూల నీళ్లు కలిపిన పిండిని పల్చగా వత్తి, ముడి వేసి, నూనెలో వేయించి, పంచదార పొడి చల్లుతారు. మా పిల్లలు వాటిని ఫ్రెంచి గవ్వలనేవారు.

ఐస్‌క్రీమ్‌కి పాత ఊళ్లో ప్లాస్ రొసెత్తి అనే కూడలిలో ఉన్న ఫెనోక్కియో కొట్టు. లావెండర్, టమాటా-బేసిల్ రుచులు కూడా ఉంటాయి. పిల్లల్ని చాక్లెట్ దగ్గర ఆగనివ్వకండి.

*లియోన్‌లో చదువుకుంటున్నాను. నాకు చేప, గుడ్డు పట్టింపు లేదు. పాన్ బాన్యా తినమని ఫ్రెండ్స్ చెప్పారు. మార్కెట్‌లో ఒక్కోచోట ఒక్కోలా ఉంది. అసలైనదేది?*
*– ఒక విద్యార్థి*

పాన్ బాన్యా అంటే తడిపిన రొట్టె. గుండ్రటి రొట్టెను మధ్యకు కోసి, పచ్చి టమాటా, ముల్లంగి, ఉల్లికాడ, ఉడికిన గుడ్డు, ట్యూనా, ఆంకోవీ, ఆలివ్‌లు, తులసి జాతి బేసిల్ ఆకు పెట్టి, ఆలివ్ నూనె ధారగా పోస్తారు. కూరగాయలన్నీ పచ్చివే. ఉడికించిన బంగాళాదుంప, మయోనైజ్ కనబడితే ఆ కొట్టు వదిలేయ్ బాబూ. పొద్దున కొని సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం తిను. టమాటా రసం, నూనె రొట్టెలోకి దిగితేనే ఆ పేరుకు అర్థం. సముద్రం ఒడ్డున గులకరాళ్ల మీద కూర్చుని తినేటప్పుడు మాత్రం తలెత్తి చూసుకుంటూ ఉండు. సముద్రపు కాకులు చేతిలోంచి లాక్కుపోతాయి.

*నీస్ వెళ్లే యోగం మాకు లేదు. సొక్కా ఇంట్లో చేసుకోగలమా?*
*– ఒక పాఠకురాలు, గుంటూరు*

తప్పకుండా. తెనాలిలో మా అమ్మ దగ్గర చేసి చూపించాను కూడా.

పావు కిలో శనగపిండికి అర లీటరుకు కాస్త తక్కువ నీళ్లు, మూడు పెద్ద చెంచాల ఆలివ్ నూనె, చెంచా ఉప్పు. మన పిండి పచ్చిశనగపప్పుతో ఆడినది, వాళ్లది కాబూలీ శనగలది. అందుకే రుచిలో పిసరంత తేడా ఉంటుంది. ఉండలు లేకుండా గిలక్కొట్టి, కనీసం రెండు గంటలు నాననివ్వండి. పైకి తేలిన నురగ తీసేయండి. రవ్వదోసె పిండిలా జారుగా ఉండాలి.

ఒవెన్ ఉంటే 250 డిగ్రీల్లో ఇనప మూకుడును ముందుగా కాగనిచ్చి, నూనె వేసి, వేలి మందం కూడా లేకుండా పిండి పోసి, పై అరలో పెట్టండి. పదీ పన్నెండు నిమిషాలకు పైన మచ్చలు మచ్చలుగా మాడుతుంది. మాడిందని కంగారుపడి తీసేయకండి, ఆ మచ్చల్లోనే రుచి. ఒవెన్ లేకపోతే మందపాటి ఇనప పెనం మీద పెద్దమంటన వేసి, అంచులు విడిచాక తిరగేయండి. కట్టెల పొయ్యి రుచి రాదు కానీ బావుంటుంది.

వాము, పచ్చిమిర్చి, అల్లం వేయాలని చెయ్యి లాగుతుంది. మా అమ్మకూ లాగింది. మొదటిసారి వేయకండి. దించగానే చేత్తో తుంచి, అప్పుడే దంచిన మిరియాలు చల్లి, పొయ్యి దగ్గరే నిలబడి తినండి. మా అమ్మ మొదటి వాయి అలాగే తినేసి, రెండో వాయికి నాన్నను పిలిచింది.