స్టాకర్ 'యూరోటెక్నో' ముక్కలు ముక్కలుగా ఎందుకు ఉంటుంది?

"స్టాకర్ అనే బ్రిటన్ బృందం పేరుతో వచ్చిన ఎలక్ట్రానిక్ సంగీతం 'యూరోటెక్నో' సీడీలో ఒక్క ట్రాకూ కుదురుగా సాగదు, మరి దీనికి అంత పేరెందుకు?" అని అడిగారు. నేను చాలా ఏళ్లు పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేశాను. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

మొదటిసారి నేనూ ఆడియో ఒక్కటే విన్నాను, విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే రాత్రి బస్సులో. ఒక బీట్‌కి చెవి అలవాటు పడేలోపే అది తెగి ఇంకోటి మొదలయ్యేది. తలనొప్పి వచ్చి, కోదాడ రాకముందే ఆపేశాను. కొన్నాళ్లకు వీడియో దొరికింది. గదిలో లైటు తీసేసి పాత ట్యూబ్ టీవీలో చూశాను. అంతకుముందు నన్ను విసిగించిన చోట్లన్నీ తెర మీద బొమ్మ మారే చోట్లే! ఇది విడిగా వినడానికి పుట్టిన సంగీతం కాదని అప్పుడు తెలిసింది.

స్టాకర్ అంటే బ్రిటన్‌లోని వీడియో ఆర్టిస్టుల బృందం. సంగీతం బ్రయన్ డగన్స్‌ది. ఈయనే తర్వాత గ్యారీ కోబెయిన్‌తో కలిసి ఫ్యూచర్ సౌండ్ ఆఫ్ లండన్‌గా పేరు తెచ్చుకున్నారు. 1988లో ఆయన చేసిన 'స్టాకర్ హ్యూమనాయిడ్' సింగిల్ (విడిగా విడుదలైన పాట) బ్రిటన్ చార్ట్‌లో 17వ స్థానం దాకా వెళ్లింది. ఆ మరుసటి ఏడాది యూరోటెక్నో వచ్చింది, వీడియో క్యాసెట్‌గా. మీ దగ్గరున్న సీడీ చాలా ఆలస్యంగా, 2003లో, రెఫ్లెక్స్ లేబుల్ తెచ్చింది. అంటే మీరు వింటున్నది బొమ్మ తీసేసిన సౌండ్‌ట్రాక్.

యూరోటెక్నోలో వినిపించే యాసిడ్ ధ్వనికీ (యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతంలో మెలికలు తిరిగే ఎలక్ట్రానిక్ ధ్వని) ఈ రకం బొమ్మలకూ అంత బాగా ఎందుకు కుదిరిందో కూడా చెప్పాలి. ఆ ధ్వనికి మూలం రోలాండ్ టీబీ-303 అనే, బేస్ స్వరాలు పలికే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె. బేస్ గిటార్ వాయించే మనిషి లేని లోటు తీర్చడానికి తయారు చేశారు, సరిగా అమ్ముడుపోక 1984లో ఆపేశారు. తర్వాత చికాగోలో ఫ్యూచర్ (Phuture, పైన చెప్పిన ఫ్యూచర్ సౌండ్ ఆఫ్ లండన్ కాదు) అనే బృందం దాని నాబ్‌లు తిప్పుతూ చేసిన 'యాసిడ్ ట్రాక్స్' 1987లో వచ్చింది. అందులో వరస మారదు, అవే కొన్ని స్వరాలు తిరుగుతుంటాయి. మారేది ధ్వని రూపం: మూసుకుపోయినట్టున్నది కీచుమంటుంది, మళ్లీ ముద్దగా అయిపోతుంది. యూరోటెక్నో తెర మీదా అదే పని జరుగుతుంది. ఒక ఆకారం కరిగి, సాగి, రంగు మారి ఇంకోటవుతుంది. (బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సంగీతకారుడు 1982లోనే ఈ 303 మీద రాగాలు వాయించారు. స్వరం నుంచి స్వరానికి జారే ఆ గుణం మన చెవికి కొత్తగా ఉండదు, తప్పకుండా వినండి.)

మా పనిలో ముందు సినిమా పాట పెట్టుకుని, దాని తాళానికి బొమ్మలు కత్తిరించేవాళ్లం. పాటే యజమాని. యూరోటెక్నోలో అలా ఎవరూ యజమాని కారు. అది చూశాక నేను ఎడిటింగ్ చేసే తీరే మారింది, ఈ ఆల్బమ్ మీద నాకింత ప్రేమ అందుకే.

కాబట్టి ముందు వీడియోతో, ఫోన్‌లో కాకుండా పెద్ద తెర మీద, మంచి స్పీకర్లు పెట్టుకుని ఒకే ఊపులో చూడండి. ఎక్కువసేపేం పట్టదు, అరగంట లోపే. తర్వాత ఆడియో ఒక్కటే విన్నా ఆ కట్‌లు ఇబ్బంది పెట్టవు. ఒక్క జాగ్రత్త: బొమ్మలు చాలా వేగంగా మినుకుమంటాయి, ఇంట్లో ఫిట్స్ సమస్య ఉన్నవాళ్లుంటే వాళ్ల ముందు పెట్టకండి.