సబ్ వూఫర్ పెట్టాక బేస్ తగ్గింది, ఎందుకు?

ప్రశ్న: సార్, రిసీవర్‌కి రెండు టవర్ స్పీకర్లు ఉన్నాయి, కొత్తగా సబ్ వూఫర్ కలిపాను, క్రాసోవర్ (ఎంత కింది స్వరాల నుంచి సబ్‌కి పంపాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్‌లో పెట్టా. సబ్ ఆన్ చేస్తే కొన్ని పాటల్లో బేస్ గిటార్ ఇంకా పల్చబడిపోతోంది. సబ్ వెనకాల 0 నుంచి 180 డిగ్రీల దాకా తిరిగే ఫేజ్ నాబ్ ఉంది కానీ ఎటు తిప్పినా తేడా తెలియట్లేదు. ఎంతలో పెట్టాలి?

జవాబు: ముందు స్పీకర్ వైర్లు చూడండి, రెండిట్లో ఒకదానికి ప్లస్ మైనస్ తారుమారైనా బేస్ ఇలాగే పల్చబడుతుంది. అది సరిగ్గానే ఉంటే అప్పుడు ఫేజ్ సంగతి, అంటే సబ్ సౌండ్, స్పీకర్ సౌండ్ ఒకే అడుగులో వస్తున్నాయా లేదా అన్నది.

ఎంతలో పెట్టాలో ఇక్కణ్ణుంచి చెప్పలేనండి, ఎందుకంటే అది సబ్ ఎక్కడుంది, మీరు ఎక్కడ కూర్చుంటారు అన్నదాన్ని బట్టి మారిపోతుంది. 80 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 4.3 మీటర్లు, అంటే మీ సీటుకి స్పీకర్ల కన్నా సబ్ అందులో సగం, ఓ 2 మీటర్లు పైచిలుకు దూరంగా ఉంటే చాలు, స్పీకర్ సౌండ్ గాలిని తోసే టైముకి సబ్ సౌండ్ లాగుతుంటుంది, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దీనికి తోడు క్రాసోవర్ ఫిల్టర్లు, సబ్ లోపలి సర్క్యూట్లు కూడా ఎంతో కొంత ఆలస్యం చేస్తాయి కాబట్టి టేపు పెట్టి కొలిస్తే సరిపోదు.

పాటలతో తేడా పట్టుకోవడం కష్టమే, నాబ్ ప్రభావం ఎక్కువగా క్రాసోవర్ చుట్టుపక్కల స్వరాల మీదే ఉంటుంది. 80 హెర్ట్జ్ టెస్ట్ టోన్ (ఒకే స్వరం ఆగకుండా మోగేది) ప్లే చేయండి, వాల్యూమ్ తక్కువలోనే (ఎక్కువసేపు గట్టిగా పెడితే స్పీకర్ లోపలి కాయిల్ వేడెక్కుతుంది). సబ్, స్పీకర్లు విడివిడిగా ఇంచుమించు ఒకే లెవల్‌లో వినపడేలా చూసుకోండి.

ఇప్పుడు అసలు కిటుకు. రిసీవర్ ఆపేసి, రెండు స్పీకర్లకీ ప్లస్ మైనస్ కావాలనే మార్చేయండి, ఒక్కదానికి మాత్రం కాదు. మీరు సీట్లో కూర్చోండి, ఇంకొకరిని నాబ్ మెల్లగా తిప్పమనండి, సౌండ్ బాగా పడిపోయిన చోట ఆపించి, రిసీవర్ ఆపి వైర్లు మళ్ళీ మామూలుగా పెట్టేస్తే అక్కడే రెండూ బాగా కలుస్తాయి. ఎక్కువ సౌండ్ వచ్చే చోటు వెతకొచ్చు కదా అంటారేమో, ఆ శిఖరం వెడల్పుగా ఉండి చెవికి దొరకదు, పడిపోయే చోటు మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

నాబ్ చివరిదాకా వెళ్ళినా ఇంకా తగ్గుతూనే ఉంటే రిసీవర్‌లో సబ్ డిస్టెన్స్ (సబ్ ఎంత దూరంలో ఉందో చెప్పే సెట్టింగ్) మార్చి చూడండి, 80 హెర్ట్జ్ దగ్గర ఒక అడుగు అంటే సుమారు 26 డిగ్రీలు. రిసీవర్ మైకుతో తనే కొలుచుకునే ఆటో సెటప్ సబ్ దూరాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపించడం మామూలే, ఆ సర్క్యూట్ల ఆలస్యాన్ని కూడా అది దూరంగా లెక్కేస్తుంది, తప్పనుకుని దిద్దకండి. క్రాసోవర్ మారిస్తే మాత్రం ఇదంతా మళ్ళీ మొదటినుంచి చేయాల్సిందే.

ఇంత చేసినా తేడా రాకపోతే స్పీకర్లు ఆపి సబ్ ఒక్కటే వినండి. గది మూలలో గట్టిగా, మీ సీట్లో నీరసంగా ఉంటే అది గది గోడల పని, దానికి నాబ్ ఏం చేయలేదు, సబ్‌నో సీటునో జరపాలి.