మోచేతి మీదికి వచ్చే బంతి: ఫోర్‌హ్యాండా, బ్యాక్‌హ్యాండా?

టేబుల్ టెన్నిస్‌లో బ్యాక్‌హ్యాండ్ (చేతి వెనుక భాగాన్ని ముందుకు పెట్టి కొట్టే దెబ్బ) బలహీనంగా ఉంది కాబట్టి టేబుల్ అంతటినీ ఫోర్‌హ్యాండ్‌తోనే (అరచేతి వైపును ముందుకు పెట్టి కొట్టే దెబ్బతోనే) కాచుకోవచ్చా, ఒంటి మీదికి సూటిగా వచ్చే బంతిని ఎటువైపు ఆడాలి అని మీరు అడిగారు. చాలా ఏళ్లుగా ఆడుతూ, కొత్తవారికి సాధనలో తోడుంటూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను: ఏ స్ట్రోక్ ఆడాలన్నది మన ఇష్టాన్ని బట్టి కాక, బంతి చేరేలోగా మనకు దక్కే సమయాన్ని బట్టి తేల్చుకోవలసిన విషయం.

ఫోర్‌హ్యాండ్‌కు బలం కాళ్ల నుంచి, నడుము తిప్పడం నుంచి వస్తుంది కనుక ముందుగా పక్కకు జరిగి చేయి ఆడేందుకు చోటు చేసుకోవాలి. బ్యాక్‌హ్యాండ్ ఒంటికి ఎదురుగా, ముంజేయి, మణికట్టుల చిన్న కదలికతో పూర్తవుతుంది. అందుకే టేబుల్‌కు దగ్గరగా నిలబడి వేగంగా ఆడేటప్పుడు బ్యాక్‌హ్యాండే ఎక్కువగా ఆదుకుంటుంది. చైనా ఆటగాడు జాంగ్ జికే వంటివారి ఆటతో బ్యాక్‌హ్యాండ్ ఫ్లిక్‌కు (పొట్టి బంతిని టేబుల్ మీదే మణికట్టు విదిలింపుతో కొట్టడానికి) ఎంత ప్రాచుర్యం వచ్చిందంటే, ఫోర్‌హ్యాండ్ వైపు పడిన పొట్టి సర్వీస్‌ను కూడా ఇప్పుడు చాలామంది అటు జరిగి బ్యాక్‌హ్యాండ్‌తోనే తీసుకుంటున్నారు.

అసలు చిక్కు ఆడే చేతి మోచేయి దగ్గర ఉంది. అక్కడికి వచ్చిన బంతిని బ్యాక్‌హ్యాండ్‌తో ఆడబోతే మోచేయి అడ్డుపడుతుంది, ఫోర్‌హ్యాండ్‌తో ఆడబోతే చేయి విప్పడానికి చోటుండదు. అనుభవం ఉన్న ప్రత్యర్థులు పనిగట్టుకుని అక్కడికే గురిపెట్టేది ఇందుకే. కొత్తవారికి బంతులు వేసేటప్పుడు నేను వారి రాకెట్‌ను కాక భుజాన్ని గమనిస్తాను: సమయం చాలకపోయినా ఫోర్‌హ్యాండ్‌కే సిద్ధపడినవారి భుజం పైకి లేస్తుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది, బంతి టేబుల్ దాటి పోతుంది. కుడిచేతి ఆటగాళ్లు వేగంగా వచ్చిన బంతికి చిన్న అడుగుతో కుడివైపుకు జరిగి బ్యాక్‌హ్యాండ్ ఆడాలని, నెమ్మదిగా లేదా ఎత్తుగా వచ్చిన బంతికి ఎడమవైపుకు తప్పుకుని ఫోర్‌హ్యాండ్ ఆడాలని నా సలహా. ఏది ఎంచుకున్నా పాదం కదిలిన తరువాతే చేయి కదలాలి. ఎంపిక తప్పైనా ఒక్కోసారి పాయింట్ దక్కుతుంది గానీ, స్వింగ్ మధ్యలో మనసు మార్చుకుంటే దాదాపు ఎప్పుడూ దక్కదు.

అంతా ఫోర్‌హ్యాండ్‌తోనే ఆడటం అసాధ్యమేమీ కాదు. దక్షిణ కొరియా ఆటగాడు ర్యూ సంగ్ మిన్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సింగిల్స్ స్వర్ణాన్ని ప్రధానంగా తన ఫోర్‌హ్యాండ్ బలంతో, అసాధారణమైన పాదాల చురుకుతో గెలుచుకున్నాడు. అయితే 152.5 సెంటీమీటర్ల వెడల్పున్న టేబుల్‌ను పాయింట్ పాయింట్‌కూ అలా చుట్టిరావడానికి కావలసిన కాళ్లు మనలో చాలామందికి లేవు.

కాబట్టి మీ బ్యాక్‌హ్యాండ్‌తో గెలుపు షాట్ కొట్టాలని చూడకుండా, ముందు ఎంత వేగంగా వచ్చిన బంతినైనా టేబుల్ మీద నిలిపే స్థాయికి దాన్ని తీసుకురండి. మధ్యకు, రెండు మూలలకు వరుస లేకుండా బంతులు వేయమని తోటి ఆటగాడిని అడగండి. మూలలకు మాత్రమే ఆడే సాధనలో ఈ ఎంపిక సమస్య ఎదురే కాదు. బ్యాక్‌హ్యాండ్ మూలకు తప్పుకుని ఫోర్‌హ్యాండ్ కొట్టడాన్ని మీ సర్వీస్‌కు బంతి పొడవుగా, నెమ్మదిగా తిరిగి వచ్చినప్పటి కోసం ఉంచుకోండి. అప్పుడు కూడా, ప్రత్యర్థి ఆ షాట్‌ను బ్లాక్ చేసి ఫోర్‌హ్యాండ్ మూలకు వేస్తే అందుకోగలను అనుకున్నప్పుడే ఆ అడుగు వేయండి.